పత్రికలోని వేళ, ప్రసారములోని వేళ

భాస్కరాచార్యుని గూర్చి మన దేశమున ఒక ఐతిహ్యము కలదు. కుమార్తె లీలావతికి వివాహముహూర్తము నిర్ణయించి, ఆ ఘడియ తప్పిపోకుండుటకై ఆయన నీటితొట్టిలో, అడుగున సన్నని రంధ్రము గల గిన్నె నొకదానిని తేలవిడిచినాడట. గిన్నె నిండి మునిగిన క్షణమే ముహూర్తము. లీలావతి కుతూహలముతో వంగి చూచుచుండగా ఆమె ఆభరణమునుండి ఒక ముత్యము జారి గిన్నెలో పడి రంధ్రమును మూసివేసినది. నీరు చేరలేదు, గిన్నె మునుగలేదు. ఎవరును గమనింపకుండగనే ముహూర్తము గడచిపోయినది. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో లీలావతీ గణితమును పారసీకములోనికి అనువదించినప్పుడు ఈ కథను చెప్పినాడు. ఇది చరిత్ర యని నమ్మ నక్కరలేదు. కాని వేళను యంత్రమునకు అప్పగించి మనము నిశ్చింతగా కూర్చున్నప్పుడు ఏమి జరుగగలదో ఇంతకంటె చక్కగా తెలుపు కథ మరియొకటి నాకు కనిపించలేదు.

టెలివిజను కార్యక్రమములను మనము ఇంట లేనప్పుడు పట్టి ఉంచు డిజిటల్ రికార్డర్లు వాడుకలోనికి వచ్చి పాతికేండ్లు దాటినది. వానిపై వినవచ్చు ఫిర్యాదు మాత్రము అంతకంటె పాతది. రాత్రి 9 గంటలకు అపరాధ పరిశోధన నాటకము ఉన్నదని యంత్రమునకు చెప్పి పెండ్లికి పోయినవాడు తిరిగివచ్చి చూచుకొనగా, మొదట ఆరు నిమిషములు వార్తలు, తరువాత నాటకము, హంతకుని పేరు చెప్పబోవు పాత్ర నోరు తెరచిన చోట సమాప్తి. యంత్రము చెడినదా? లేదు. దానికి ఏ వేళ చెప్పినారో ఆ వేళకే మొదలుపెట్టి ఆ వేళకే ఆపినది. మాట తప్పినది ప్రసారము.

కనుక ఇందులో రెండు ప్రశ్నలు కలసియున్నవి. యంత్రములోని గడియారము సరియైనదేనా అన్నది మొదటిది. గడియారము సరియైనదే అయినను, పత్రికలో అచ్చువేసిన వేళకు కార్యక్రమము వచ్చినదా అన్నది రెండవది. ఇంజనీర్లు చాలకాలము మొదటి ప్రశ్నతో పెనుగులాడినారు. చిక్కంతయు రెండవ దానిలో ఉన్నది.

మొదటి దానిని గూర్చి నాలుగు మాటలు. ప్రసారమునకు, గడియారమునకు బంధుత్వము రేడియో పుట్టిన నాటినుండి ఉన్నది. 1924 ఫిబ్రవరి 5వ తేదీన బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థ గ్రీనిచ్ వేధశాలలోని గడియారములనుండి ఆరు చిన్న ధ్వనులను ప్రసారము చేయ మొదలిడినది. ఆస్థాన జ్యోతిశ్శాస్త్రవేత్త ఫ్రాంక్ డైసన్, సంస్థ అధిపతి జాన్ రీత్ కలసి చేసిన ఏర్పాటు అది. మొదట ఆ ఆరును సమానముగా ఉండెడివి. భూభ్రమణమునకు సరిపడునట్లు అప్పుడప్పుడు ఒక సెకండును చేర్చు పద్ధతి 1972లో వచ్చినప్పుడు, ఏడవ ధ్వని వినబడినచో శ్రోత తికమకపడునేమో యని, కడపటి దానిని పొడిగించినారు. అనగా ప్రసారకుడు తాను వేళకు రావడమే కాక, ఊరివారందరి గడియారములను సరిదిద్దు బాధ్యతనుగూడ నెత్తిన వేసుకొన్నాడు.

ఇంటిలోని యంత్రమునకు ఆ భాగ్యము వెంటనే కలుగలేదు. ఫిలిప్స్ సంస్థ 1972లో ఎన్ 1500 అను క్యాసెట్టు రికార్డరును విడుదల చేసినప్పుడు, టెలివిజను ప్రసారమును తానే పట్టుకొను ట్యూనరు, నిర్ణీత వేళకు మేలుకొను గడియారము అందులోనే అమర్చినది. 1975లో సోనీవారి బీటామాక్స్, 1976లో జేవీసీవారి వీహెచ్‌ఎస్ వచ్చినవి. హాలీవుడ్ చిత్రసంస్థలు సోనీపై వ్యాజ్యము వేయగా, ఇంటివారు ఒక వేళ వచ్చిన కార్యక్రమమును మరియొక వేళ చూచుటకై రికార్డు చేసికొనుట నేరము కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు ఉండగా, తీర్పు చెప్పినది. చట్టము అనుమతించినది. గడియారము అనుమతింపవలదా? కరెంటు ఒక్క క్షణము పోయి వచ్చినచో ఆ యంత్రములు కాలమును మరచి 12 గంటల అంకెను రెప్పలార్పుచు చూపెడివి. ఆ అంకెను సరిచేయు విధము తెలియక దానిపై కాగితము అంటించిన గృహస్థులు అన్ని దేశములలోను ఉన్నారు. కరెంటు ఎప్పుడు పోవునో తెలియని మన ఊళ్లలో ఆ అంకె ఎంత పరిచితమైనదో చెప్పనక్కరలేదు.

గడియారము నడచుచున్నంతకాలమైనను సరిగా నడచునా? క్వార్ట్‌జ్ స్ఫటికము సెకండుకు 32,768 మారులు కంపించును. అందులో పది లక్షలకు ఇరువది వంతులు తేడా యున్నచో దినమునకు 1.7 సెకండ్లు, ఏడాదికి సుమారు పది నిమిషములు తప్పిపోవును. స్ఫటికమును నమ్మక విద్యుత్తులోని 50 ఆవృత్తులను లెక్కించి కాలము చెప్పు గడియారములు కూడ ఉన్నవి. వానికి 2018లో ఒక విచిత్రమైన ఆపద వచ్చినది. సెర్బియా, కొసోవోల మధ్య విద్యుత్ తగాదాలో కొంత కరెంటు లెక్కకు తక్కువ పడి, ఐరోపా ఖండమున ఆవృత్తి సగటున 49.996కు దిగినది. జనవరి మధ్యనుండి మార్చి మొదటి దినములవరకు ఇరువదియైదు దేశములలో అట్టి గడియారములు దాదాపు ఆరు నిమిషములు వెనుకబడినవి. ఎక్కడనో రాజకీయము కుదరక, మరెక్కడనో ఒక ఇంటి వంటగదిలో వేళ తప్పినది.

ఇక రెండవ ప్రశ్న. గడియారము సరియైనదే. ప్రసారకుడు వేళకు రానిచో ఏమి చేయవలెను? లేక, మొండిగా వేళకే వచ్చినచో ఏమగును? ఈ రెండవ ప్రమాదము 1968 నవంబరు 17వ తేదీ ఆదివారము సాయంకాలము అమెరికాలో అనుభవమునకు వచ్చినది. ఎన్‌బీసీ సంస్థ న్యూయార్క్ జెట్స్, ఓక్లండ్ రైడర్స్ జట్ల ఫుట్‌బాల్ ఆటను ప్రసారము చేయుచున్నది. 7 గంటలకు ‘హైదీ’ అను బాలల చిత్రము రావలెనని ముందే ప్రకటించినారు. ఆట జాగయినది. సుమారు ఒక నిమిషము మిగిలియుండగా జెట్స్ 32, రైడర్స్ 29. గంట కొట్టినది, దేశములో అధికభాగమున ఆట మాయమై తెరపై ఆల్ప్స్ కొండలు ప్రత్యక్షమైనవి. ఆ తరువాత తొమ్మిది సెకండ్ల వ్యవధిలో రైడర్స్ రెండుసార్లు గెలుపు గీతను దాటి 43-32తో ఆట గెలిచినారు. చూచినవారు బహు కొద్దిమంది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది వేరొక అంశము. ఆటను చివరవరకు చూపవలెనని సంస్థ పెద్దలు చివరిక్షణమున నిశ్చయించినారు. కాని ఆ ఆజ్ఞను అందజేయుటకు టెలిఫోను దొరకలేదు. ఆట ఆపవద్దని కొందరు, ‘హైదీ’ వేళకు వచ్చునా యని కొందరు ఫోను చేయుటవలన తంతులన్నియు నిండిపోయినవి. మీట దగ్గర ఉన్న ఉద్యోగి తనకు ముందు ఇచ్చిన ఆజ్ఞ ప్రకారము నడచుకొన్నాడు. స్టూడియోలో కూర్చొని పనిచేసినవారికి ఆయనను నిందింప మనసొప్పదు. మా వృత్తిలో కాగితముపై ఉన్నదే శాసనము. ఆ కాగితమును మార్చు అధికారము గలవాని కంఠము వినబడువరకు దానినే పాటింపవలెను. ఆ సాయంకాలము తరువాత అక్కడ ఫుట్‌బాల్ ఆటను ముగియువరకు చూపుట నియమమైనది. అందువలన ఆట వెనుక వచ్చు కార్యక్రమములన్నియు ఆదివారము ఆదివారమునను జరుగుచు పోవుట కూడ నియమమైనది. ఒకరి న్యాయము మరియొకరి రికార్డరుకు అన్యాయము.

వేళ తప్పుటయే వ్యాపారముగా చేసికొన్నవారును లేకపోలేదు. అట్లాంటా నగరమునకు చెందిన టర్నర్ సంస్థ 1981లో తన కార్యక్రమములను గంటకు, అరగంటకు కాక, అయిదు నిమిషములు దాటిన పిమ్మట మొదలుపెట్టినది. కార్యక్రమ పత్రికలలో ఆ కేంద్రమునకు వేరొక పంక్తి లభించినది. దానిని చూచి ముగించినవాడు మరియొక కేంద్రమునకు పోయిన, అక్కడ అయిదు నిమిషములు గడచిపోయి యుండును, కనుక ఇక్కడనే నిలిచిపోవును. 2001లో ఎన్‌బీసీ ప్రత్యర్థులను అడ్డుకొనుటకు ‘ఫ్రెండ్స్’ అను అరగంట నాటికను కొన్ని వారములు నలుబది నిమిషములకు సాగదీసినది. ఇట్టివి ప్రేక్షకుని కట్టివేయుటకు పన్నిన పన్నాగములు. అందులో మొదట చిక్కుకొన్నది మాత్రము ఇంటిలోని మూగయంత్రము.

ఈ వ్యాధికి మొదటి నిజమైన మందు జర్మనీలో తయారైనది. 1985లో ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ అను అక్కడి ప్రజా ప్రసారసంస్థలు వీపీఎస్ అను పద్ధతిని ప్రవేశపెట్టినవి. టెలివిజను చిత్రము 625 గీతల సముదాయము. అందులో కొన్ని గీతలు తెరపై కనబడవు. అట్టి కనబడని గీతలలో 16వదానిపై ప్రతి కార్యక్రమమునకు ఒక చీటీ అంటించినారు. ఆ చీటీలో ఏమి వ్రాసినారు? కార్యక్రమము పేరు కాదు. ఇప్పుడు వేళ ఎంతయో కాదు. ఏ దేశము, ఏ కేంద్రము, ఏ నెల, ఏ తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషములకు వచ్చునని మొదట పత్రికలో ప్రకటించినారో ఆ వేళ. సంవత్సరము లేదు. అవసరము లేదుగదా! 8 గంటల 15 నిమిషములకు రావలసిన నాటకము 9 గంటలకు వచ్చినను దాని చీటీపై 8.15 అనియే ఉండును. రికార్డరు తన గడియారమును నమ్మక, ఆ కేంద్రముపై చెవియొగ్గి, 8.15 చీటీ కనబడినప్పుడు మొదలుపెట్టి, అది మాయమైనప్పుడు ఆపును. పుట్టిన వేళను బట్టి పెట్టిన నక్షత్రనామము మనిషిని జీవితాంతము విడువనట్లు, మాట ఇచ్చిన వేళయే కార్యక్రమమునకు పేరైనది.

ఎంత చక్కని ఆలోచన! ప్రసారకుడు వేళకు రాలేకపోవచ్చును, కాని ఏ వేళకు వత్తునని చెప్పినాడో దానిని దాచిపెట్టడు. ఆ పద్ధతిలోని నీతి అది. పత్రికలు కూడ అవసరమైన చోట కార్యక్రమము ప్రక్కన ఈ వీపీఎస్ వేళను అచ్చువేసెడివి. మధ్యలో విరామము వచ్చినప్పుడు తెలుపుటకు వేరొక చీటీయు ఉన్నది. విరామ సమయమున వచ్చునవి వాణిజ్య ప్రకటనలు. వానిని రికార్డరు తనంత తాను దాటవేయుటకు తోడ్పడు చీటీని, ఆ ప్రకటనలతోనే జీవించు ప్రయివేటు కేంద్రము ఏ సంతోషముతో అంటించునో శ్రోతలే ఊహింపవచ్చును.

అయినను ఈ మందునకును ఒక దోషము కలదు. చీటీని మార్చవలసినది కేంద్రమున ఉన్న మనిషి, లేదా ఆ మనిషి నడపు యంత్రము. అక్కడ మరచినచో ఇక్కడ రికార్డరు తెల్లవారువరకు ఎదురుచూచి ఖాళీ టేపుతో నిలిచియుండును. గడియారమును నమ్మినవాడు అయిదు నిమిషములు పోగొట్టుకొనును, చీటీని నమ్మినవాడు సర్వమును పోగొట్టుకొనగలడు. అందుచేత గడియారముననే నమ్మి, ముందు రెండు నిమిషములు, వెనుక పది నిమిషములు అదనముగా పెట్టుకొను జాగ్రత్తపరులు జర్మనీలోను మిగిలిపోయినారు.

అమెరికాలో 1990లో మరియొక దారి త్రొక్కినారు. హెన్రీ యువన్, డేనియల్ క్వో అనువారు కనిపెట్టిన పద్ధతిలో పత్రిక ప్రతి కార్యక్రమము ప్రక్కన ఒక సంఖ్యను అచ్చువేయును. ఆ సంఖ్యను నొక్కినచో తేదీ, కేంద్రము, వేళ, నిడివి అన్నియు యంత్రమునకు తెలియును. దేశదేశములలో అది విపరీతముగా ప్రచారమైనది. మీటలు నొక్కు శ్రమ తీరినది నిజమే. కాని ఆ సంఖ్య పత్రికలోని వేళకు మారువేషము మాత్రమే. ప్రసారము జాగయినచో దానికి తెలియదు. బ్రిటనులో ఈ సంఖ్యకు తోడుగా, టెలిటెక్స్టులో దాగివచ్చు పీడీసీ అను జర్మనీ తరహా చీటీని 1990లలో చేర్చినారు.

1999లో టేపు పోయి డిస్కు వచ్చినది. ఆ జనవరిలో టీవో, రీప్లేటీవీ అను రెండు యంత్రములు అమెరికాలో ప్రదర్శింపబడినవి. టీవో రాత్రివేళ టెలిఫోను తంతిద్వారా తన కార్యాలయమును పిలిచి, రాబోవు దినముల కార్యక్రమ పట్టికను తెచ్చుకొని, తన గడియారమును సైతము దిద్దుకొనెడిది. 12 గంటల అంకె రెప్పలార్పుట ఆగిపోయినది. మొదటి ప్రశ్న తీరినట్లే. రెండవది మాత్రము వేషము మార్చుకొన్నది. పట్టిక ముందుగా తయారైనది. ఆట జాగయినట్లు దానికి తెలియదు. వెనుక పది నిమిషములు అదనముగా పెట్టుకొందమన్నచో, ఆ పది నిమిషములు తరువాతి కార్యక్రమము నెత్తిపై పడును. ఒకే ట్యూనరు ఉన్నప్పుడు యంత్రము రెంటిలో ఒకదానిని వదలవలెను. జాగ్రత్తయే నష్టకారణమగుట చూడుడు.

డిజిటల్ ప్రసారములో ఈ చీటీల వ్యవహారము శాస్త్రీయముగా స్థిరపడినది. ఐరోపాలో పుట్టి మన దేశముతో సహా అనేక దేశములు స్వీకరించిన డీవీబీ ప్రమాణములో, చిత్రముతోబాటు కొన్ని పట్టికలు నిరంతరము ప్రవహించుచుండును. ఒకటి, ఇప్పుడు తేదీ, వేళ ఎంతయో ముప్పది సెకండ్లకు మించకుండ చెప్పుచుండును. వేరొకటి, ఇప్పుడు నడచుచున్న కార్యక్రమమేదో, తరువాతిదేదో చెప్పును. ఆ కార్యక్రమము ఏ స్థితిలో ఉన్నదో తెలుపుటకు కూడ అంకెలు కలవు: ఇంకను మొదలు కాలేదు, కొన్ని సెకండ్లలో మొదలగును, ఆగియున్నది, నడచుచున్నది. తేదీని చెప్పు విధము జ్యోతిశ్శాస్త్రజ్ఞులది. 1858 నవంబరు 17నుండి గడచిన దినముల సంఖ్య. ఆ సంఖ్యకు కేటాయించిన స్థలము 65,535వరకే సరిపోవును. ఆ లెక్క 2038 ఏప్రిల్ 22న నిండిపోవును. గిన్నె మునుగు దినము గిన్నె చేసినవారికి ముందే తెలియును.

బ్రిటనులో ఫ్రీవ్యూ ప్లస్ ముద్ర గల రికార్డర్లు ఈ ‘ఇప్పుడు, తరువాత’ పట్టికనే కనిపెట్టుకొని ఉండి, కార్యక్రమము మారినప్పుడు తామును మారవలెనని నియమము చేసినారు. ఇది 1985నాటి జర్మనీ ఆలోచనకు దౌహిత్రుడు. దోషమును కూడ వంశపారంపర్యముగా తెచ్చుకొన్నది. పట్టికను మార్చు క్షణము, చిత్రము మారు క్షణము ఒకటి కానిచో మొదటి మాటయో, చివరి మాటయో తెగిపోవును. పైగా డిజిటల్ ప్రసారము చిత్రమును కుదించి, పంపి, విప్పుటకు కొన్ని సెకండ్లు పట్టును. ఏ యింట ఎన్ని సెకండ్లో ఒకే తీరున ఉండదు. 1924లో ఊరి గడియారములను దిద్దిన ప్రసారకుడు, డిజిటల్ పెట్టెలో వినబడునప్పుడు తానే కొంచెము ఆలస్యముగా గంట కొట్టుచున్నాడు.

అమెరికా పద్ధతి వేరు. అక్కడ డిజిటల్ ప్రసారములోని కాలము 1980 జనవరి 6నుండి సెకండ్లలో లెక్కింపబడును. దానిని పంపు బాధ్యత ప్రతి స్థానిక కేంద్రమునది. గడియారము తప్పిన కేంద్రమును పట్టుకొన్న రికార్డరు ఆ తప్పునే సత్యమనుకొనును. 2007లో వేసవి కాలమానము మొదలగు తేదీని అక్కడి ప్రభుత్వము ముందుకు జరిపినప్పుడు, పాత నియమమును కడుపులో పెట్టుకొని పుట్టిన యంత్రములు కొన్ని వారములపాటు గంట తేడాతో పనిచేసినవి. చట్టసభ మార్చిన వేళను గోడకు తగిలించిన పెట్టె ఎట్లు తెలిసికొనును?

మనకు ఆ బాధ లేదు. 82½ డిగ్రీల తూర్పురేఖపై ఆధారపడిన ఒకే కాలమానము దేశమంతటికిని కలదు. ఆ రేఖ మన ఆంధ్రదేశపు ఉత్తరతీరమున కొంతదూరము సాగి సముద్రమున కలియును. ఢిల్లీ వార్తలను అందుకొనవలసిన ప్రాంతీయ కేంద్రమున, స్థానిక కార్యక్రమమును సెకండ్ల లెక్కతో ముగించుట అనౌన్సరు నేర్చుకొను మొదటి పాఠము. ఒక నిమిషము మిగిలినచో వీణ, మిగలనిచో క్షమాపణ. అయినను క్రికెట్ ఆట సాగినచో పత్రికలోని వేళలన్నియు చెదరిపోవుట మన ప్రేక్షకులకు కొత్త కాదు.

ఇప్పుడు చాలమంది రికార్డరునే వదలివేయుచున్నారు. 2007 డిసెంబరు 25న బీబీసీ ఐప్లేయరు సేవను ప్రారంభించినప్పటినుండి, గడచిన కార్యక్రమమును కేంద్రమువారి భాండాగారమునుండే పిలిపించుకొను అలవాటు పెరిగినది. వేళ తప్పుట అను మాటయే అక్కడ లేదు. అయితే అది ఎన్ని దినములు అక్కడ ఉండునో నిర్ణయించువాడు ప్రేక్షకుడు కాడు. అప్పట్లో ఏడు దినములు. ప్రసారసంస్థల జ్ఞాపకశక్తిని పూర్తిగా నమ్మరాదని చెప్పుటకు సాక్ష్యము కూడ ఉన్నది. టేపు ఖరీదైన 1960లు, 1970లలో బీబీసీ తన కార్యక్రమములను ఎన్నింటినో తానే తుడిచివేసినది. వానిలో కొన్నిటి ధ్వని మాత్రము, తమ ఇండ్లలో టేపురికార్డరును టెలివిజను ఎదుట పెట్టిన సామాన్య ప్రేక్షకుల వలన నిలిచినది.

ఫిలడెల్ఫియా నగరమున మేరియన్ స్టోక్స్ అను ఆమె ఉండెడిది. గ్రంథాలయమున పనిచేసినది, స్థానిక టెలివిజనులో చర్చా కార్యక్రమములను నిర్వహించినది. టెలివిజను వార్తలు ప్రసారమైన వెంటనే కనుమరుగగుచున్నవని గ్రహించి ఆమె వానిని రికార్డు చేయ మొదలిడినది. 1979లో ఇరానులో అమెరికా రాయబార ఉద్యోగులు బందీలైనప్పటినుండి అది రాత్రింబగళ్లు సాగు పనియైనది. ఏ వార్త ఎప్పుడు వచ్చునో, ఎంతసేపు సాగునో ఆమెకు పట్టింపు లేదు. టైమరుతో పనియే లేదు. ఒక్కొక్కప్పుడు ఎనిమిది రికార్డర్లు ఒకేసారి నడచెడివి. టేపు ఆరు గంటలకు నిండును. నిండు వేళకు ఆమెయు, ఆమె భర్తయు ఎక్కడ ఉన్నను ఇల్లు చేరి అన్ని యంత్రములలోను టేపులు మార్చెడివారు. భోజనములు, ప్రయాణములు, బంధువుల ఇండ్లకు పోవుటలు అన్నియు ఆ ఆరు గంటల మధ్యనే ఇముడవలెను. 2012 డిసెంబరు 14న ఆమె మరణించునాటికి సుమారు డెబ్బది వేల టేపులు నిండినవి. మరుసటి సంవత్సరము ఆమె కుమారుడు వానిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయసంస్థకు అప్పగించినాడు. అవి ఓడలలో సరకు పంపు పెద్ద పెట్టెలకెక్కి కాలిఫోర్నియా చేరినవి.